ఫలితం కనిపించకపోతే క్రైస్తవ సేవ వ్యర్థమైనట్టేనా?

కాదు, ఫలితం కనిపించకపోవడం సేవ విఫలమైందనడానికి గానీ, అది దేవుని చిత్తం కాదనడానికి గానీ రుజువు కాదు. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఏళ్ల తరబడి సండేస్కూలు నడుపుతున్నా పిల్లల సంఖ్య పది దాటని వారికి తరచుగా కలిగే సందేహమిది.

బైబిలు పనిని, ఫలితాన్ని వేరుగా చూస్తుంది. తాను నాటానని, తోటి సేవకుడు అపొల్లో నీళ్లు పోశాడని, వృద్ధి కలిగించినవాడు దేవుడని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. కాబట్టి సేవకుణ్ణి అడిగేది నమ్మకత్వం గురించే, తలల లెక్క గురించి కాదు. మామిడి అంటు నాటి ఏళ్లపాటు కాపు కోసం చూసే ఇక్కడి రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

దగ్గరలోని నెల్లూరునే చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే అక్కడ 1840లో పని మొదలుపెట్టాడు. చాలాకాలం విశ్వాసులు అతి కొద్దిమందే. 1853లో మిషన్‌ను మూసేయాలన్న చర్చ వచ్చింది, కానీ మూయలేదు. అదే మిషన్ ఒంగోలు ప్రాంతంలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. అంతకుముందటి ఘోర కరువు, అప్పుడు మిషన్ చేసిన సహాయం కూడా ఇందులో భాగమే. ఓపికకు దక్కిన బహుమానంగా మాత్రమే చెబితే చరిత్రకు అన్యాయం.

చాలామంది పొరబడేది ఒకచోట: పట్టుదల అంటే పద్ధతి మార్చకపోవడం అనుకుంటారు. ఆసియాలో (నాటి రోమా రాష్ట్రం, నేటి టర్కీ పశ్చిమ భాగం) దారి మూసుకుపోతే పౌలు మాసిదోనియకు వెళ్లాడు, సేవ మానలేదు.