పరిహారం ఇంకా రాలేదు, దాని మీద అప్పు వద్దు

ప్రశ్న: మా చెల్లెలి భర్త (35 ఏళ్లు) 2025 ఆగస్టులో ఒక రసాయన కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేస్తూ చనిపోయారు. కాంట్రాక్టర్ కింద నెలకు 24,000 జీతం. పీఎఫ్ కట్ అయ్యేది, ఈఎస్‌ఐ లేదు. కాంట్రాక్టర్ 3 లక్షలు ఇచ్చి, ఇక ఏ బాకీ లేదని స్టాంపు పేపరు మీద చెల్లెలితో సంతకం చేయించుకున్నాడు. ఖర్చులు పోను 1.6 లక్షలు మిగిలాయి. పిల్లలకు 9, 6 ఏళ్లు. భర్త లేని అత్తగారూ ఆమెతోనే ఉంటారు. ఇంటి ఖర్చు నెలకు 16,000. పరిహారం 15 లక్షల దాకా వస్తుందంటున్నారు. అది చూసుకుని తెలిసినాయన నూటికి 3 రూపాయల వడ్డీకి 6 లక్షలు ఇస్తానంటున్నాడు. రేటు పెరగకముందే స్థలం కొనేయమంటారా?

జవాబు: వద్దు. ఆ అప్పు ఒక్క రూపాయి కూడా తీసుకోనివ్వకండి. నూటికి 3 రూపాయలంటే 6 లక్షలకు నెలకు 18,000. ఇంటి ఖర్చు కంటే వడ్డీయే ఎక్కువ! రెండూ కలిపితే నెలకు 34,000. చేతిలో ఉన్న 1.6 లక్షలు అయిదు నెలలు కూడా రావు. కేసు ఏడాదిన్నర సాగిందనుకోండి, వడ్డీయే 3,24,000 అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. పనిలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లలో ఈ తప్పు పదే పదే జరుగుతోంది. మీకు ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

పరిహారం మొత్తం మీ చెల్లెలి చేతికి వస్తుందన్న లెక్కే తప్పు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం జీతం ఎంత ఉన్నా లెక్కకు 15,000 వరకే తీసుకుంటారు. అందులో సగం 7,500ను 35 ఏళ్ల వయసుకు నిర్ణయించిన 197.06తో హెచ్చిస్తే 14,77,950. అంత్యక్రియలకు ఇంకో 5,000. ఇందులో భార్యతో పాటు ఇద్దరు పిల్లలకు, భర్త లేని తల్లికి కూడా హక్కు ఉంది. ఎవరి వాటా ఎంతో కార్మిక శాఖలోని పరిహార కమిషనర్ తేలుస్తారు. పిల్లల వాటా సాధారణంగా వాళ్ల పేరున బ్యాంకు డిపాజిట్‌లోకి వెళ్తుంది. మీ చెల్లెలి చేతికి వచ్చేది ఆ 6 లక్షల అసలుకే చాలకపోవచ్చు.

రాబోయే పరిహారాన్ని ఇంకొకరికి రాసివ్వడం, తాకట్టు పెట్టడం, అప్పు కింద జప్తు చేయడం చట్టం ప్రకారం చెల్లవు. అందుకే అప్పిచ్చేవాళ్లు ప్రోనోటు, ఖాళీ చెక్కులు, బంగారం అడుగుతారు.

స్టాంపు పేపరు సంతకం గురించి భయపడకండి. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందమూ చెల్లదు. మరణం కేసుల్లో పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమ చేయాలి. నేరుగా చేతికి ఇచ్చినది పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతం వరకు మాత్రం అడ్వాన్సుగా తగ్గించుకోవచ్చు. కమిషనర్ అడిగితే ఆ 3 లక్షల సంగతి దాచకుండా చెప్పండి.

దరఖాస్తుకు రెండేళ్ల గడువు ఉన్నా అంతవరకు ఆగకండి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, జీతం స్లిప్పులు, వయసు రుజువు చేర్చి కార్మిక శాఖలో పరిహార కమిషనర్‌కు ఇవ్వాలి. ఫ్యాక్టరీ ఉన్న జిల్లాకే వెళ్లక్కర్లేదు, ఆమె ఉంటున్న చోట కూడా వేయవచ్చు. కాంట్రాక్టర్‌తో పాటు ఫ్యాక్టరీ యాజమాన్యాన్నీ తప్పకుండా ప్రతివాదిగా చేర్చండి. కాంట్రాక్టర్ ఒక్కడినే చేర్చి, ఆర్డరు వచ్చాక అతను కనపడకపోతే వసూలు చేసేది ఎవరి దగ్గర? అత్తగారి పేరు కూడా రాయాలి. వదిలేస్తే ఆమె తర్వాత విడిగా వాటా అడిగినప్పుడు కేసు మళ్లీ మొదటికొస్తుంది. నెలలోపు కట్టనందుకు ఏటా 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా కూడా అడగండి. వచ్చినదాంట్లో ఇంత శాతం అనే వకీలుతో ఒప్పుకోవద్దు, న్యాయవాదుల నియమాలే దాన్ని కుదరనివ్వవు. (2025 నవంబరు 21 నుంచి జరిగిన ప్రమాదాలకు ఆ 1923 చట్టం బదులు సామాజిక భద్రత కోడ్ వర్తిస్తుంది. మీది అంతకు ముందుది.)

ఈ కేసు కంటే ముందు చేతికి వచ్చే అవకాశం ఉన్నది పీఎఫ్ డబ్బు. పీఎఫ్ కట్ అయ్యేదని రాశారు గానీ, ఆ డబ్బు అడిగిన ఊసే మీ ఉత్తరంలో లేదు! పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో పాటే ఉండే ఈడీఎల్‌ఐ అనే జీవిత బీమా 7 లక్షల వరకు వస్తుంది. చివరి 12 నెలల సగటు పీఎఫ్ జీతం 15,000 ఉంటే దానికి 35 రెట్లు, అంటే 5,25,000. దానిపైన పీఎఫ్ నిల్వలో సగం, 1.75 లక్షల వరకు. ఫారం 20 పీఎఫ్‌కు, 10-డి పింఛనుకు, 5-ఐఎఫ్ బీమాకు. మూడూ కలిపి ఒకేసారి ఇవ్వండి. ఎక్కువగా వెనక్కి వచ్చేది పేర్ల తేడా వల్ల. ఆధార్‌లో, పీఎఫ్ రికార్డులో, మరణ ధ్రువపత్రంలో ఆయన పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. కాంట్రాక్టర్ సంతకం పెట్టకుండా తిప్పుకుంటే నేరుగా పీఎఫ్ కార్యాలయానికి వెళ్లండి. గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు షరతు మరణం విషయంలో లేదు, అదీ అడగండి.

ఆయన బ్యాంకు పాస్‌బుక్ తీసి మే, జూన్ ఎంట్రీలు చూడండి. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, 436 కట్ అయి ఉంటే జీవన్ జ్యోతి బీమా. ఒక్కోదానికి 2 లక్షలు. అవి ఉన్నట్టే తెలియక ఎంతోమంది క్లెయిమ్ చేయరు. మైక్రోఫైనాన్స్ అప్పు ఏదైనా ఉంటే, భర్తకు కూడా బీమా ఉందేమో కనుక్కున్నాకే తర్వాతి వాయిదా కట్టండి.

ఇక ముఖ్యమైన మాట. ఏ డబ్బు ముందు వచ్చినా మొదటి 3 లక్షలు అత్యవసర నిధి. అంటే 18 నెలల ఇంటి ఖర్చు. మామూలు ఉద్యోగికి ఆరు నెలలు చాలంటాను, కానీ ఈ ఇంట్లో ఇప్పుడు సంపాదించే మనిషి లేరు, కేసు ఎప్పుడు తేలుతుందో తెలియదు. ఉన్న 1.6 లక్షలతో ఇవాళే మొదలుపెట్టండి. 50,000 పొదుపు ఖాతాలో, మిగతాది ఏడాది లోపు డిపాజిట్లుగా విడగొట్టి ఉంచండి. ఖాతా ఆమె ఒక్కరి పేరునే ఉండాలి, ఏటీఎం కార్డు ఆమె దగ్గరే ఉండాలి. బంధువులు చేబదులు అడిగితే, ఇంట్లో పెద్దవారుగా మీరే అడ్డుపడండి. ఈ నిధి లేకపోతే పిల్లాడికి జ్వరం వచ్చినా వడ్డీకి వెళ్లాల్సిందే. కాంట్రాక్టర్ తక్కువకు రాజీ పడమన్నప్పుడు కాదని నిలబడే శక్తి కూడా ఆమెకు ఉండదు.

ఆ తర్వాతే మిగతావి. ఆమె పేరున పైన చెప్పిన రెండు బీమాలు (ఏడాదికి 456 రూపాయలు), వితంతు పింఛను దరఖాస్తు, పిల్లల్లో పాప ఉంటే ఆమె పేరున సుకన్య సమృద్ధి పొదుపు ఖాతా. ఒక బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షలు మించనివ్వకండి, డిపాజిట్ బీమా అంతవరకే. స్థలం గురించి ఆర్డరు వచ్చి, డబ్బు ఖాతాలో పడ్డాక ఆలోచించవచ్చు.

ఇప్పటికే ఆ అప్పిస్తానన్నాయనకు ప్రోనోటు గానీ ఖాళీ చెక్కు గానీ ఇచ్చి ఉంటే, ఈ వారమే మీరు వెళ్లి వెనక్కి తీసుకోండి.