టెక్ సందేహాలు: టెస్ట్ పాసైంది, ఎర్రర్స్ సంగతి తేలిపోయినట్టేనా?

ప్రశ్న: మా ఇంటి 24 నెలల కరెంటు యూనిట్లకి, నెలవారీ సగటు ఉష్ణోగ్రతకి పైథాన్‌లో రిగ్రెషన్ (ఉష్ణోగ్రతని బట్టి యూనిట్లని అంచనా వేసే గీత) వేశాను. పక్కపక్క నెలల ఎర్రర్స్, అంటే అంచనాకీ అసలు యూనిట్లకీ తేడాలు, ఒకదాన్నొకటి అనుసరిస్తున్నాయా అని చూసే డర్బిన్-వాట్సన్ టెస్ట్ పెడితే 1.50 వచ్చింది, టేబుల్ ప్రకారం పాస్. ఎర్రర్స్ మధ్య కోరిలేషన్ లేదని ప్రాజెక్ట్ రిపోర్టులో రాసేయొచ్చా?

జవాబు: వద్దండీ. టెస్ట్‌కి దొరకలేదు అని రాయండి, అంతవరకే. 24 పాయింట్లు, ఒక్క ప్రిడిక్టర్ (మీ ఉష్ణోగ్రత), 5 శాతం లెవెల్ (లేని కోరిలేషన్ ఉందని పొరబడే అవకాశం) అంటే పై హద్దు 1.45, అది దాటితే టెస్ట్ పాస్, మీది దాటింది కరెక్టే, కానీ 1.50ని 2తో భాగించి 1లోంచి తీసేసి చూడండి, పక్కపక్క నెలల ఎర్రర్స్ మధ్య కోరిలేషన్ సుమారు 0.25 కనిపిస్తోంది, అదేం చిన్నది కాదు. అసలు కోరిలేషన్ 0.3 ఉన్నా కూడా ఇంత తక్కువ డేటాతో ఈ టెస్ట్ సగానికి పైగా సార్లు వదిలేస్తుంది, అంటే పవర్ (ఉన్నదాన్ని పట్టుకునే అవకాశం) సగం కూడా లేదన్నమాట. అదే 100 నెలలుంటే చాలావరకు పట్టేస్తుంది.

వదిలేస్తే ఏమవుతుందంటారా, ఉష్ణోగ్రత కూడా నెలనెలా మెల్లగా మారేదే కదా, అలాంటప్పుడు ఎర్రర్స్‌లో 0.3 ఉంటే అసలు స్టాండర్డ్ ఎర్రర్ (గీత వాలు అంచనా ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పే కొలత) సాఫ్ట్‌వేర్ చూపించినదానికంటే దాదాపు 30 శాతం ఎక్కువ ఉంటుంది, 2.4 అని మురిపించిన టీ వాల్యూ (ఆ అంచనాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగిస్తే వచ్చేది, సుమారు 2 దాటితేనే సంబంధం ఉందంటారు) నిజానికి 1.85 దగ్గరకి పడిపోతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూడండి. మీ ఉష్ణోగ్రత కాలమ్ అలాగే ఉంచి, 0.3 కోరిలేషన్ ఉన్న దొంగ ఎర్రర్స్ 1000 సార్లు పుట్టించి, ప్రతిసారీ టెస్ట్ పెట్టి ఎన్నిసార్లు పట్టుకుందో లెక్కపెట్టండి, పది లైన్ల కోడ్ అంతే. ఆ లెక్క రిపోర్టులో పెడితే చదివేవాళ్ళకి నిజం తెలుస్తుంది.

ఇంకోటి, వరసలు తేదీ ప్రకారమే ఉన్నాయా చూస్కోండి, వరస తారుమారైతే ఈ డర్బిన్-వాట్సన్ నంబర్‌కి అర్థమే లేదు. పోయినేడు మే ఎర్రర్‌కి ఈ ఏడు మే ఎర్రర్‌కి లింకుందా అన్నది ఈ టెస్ట్ అసలు చూడదు, చూద్దామన్నా మీ దగ్గరున్నవి 12 జతలే. గత నెల యూనిట్లని కూడా ప్రిడిక్టర్‌గా పెడితే మాత్రం నంబర్ 2 వైపు (2 అంటే కోరిలేషన్ లేనట్టు) జరిగిపోతుంది, అప్పుడు ఇదే పని చేసే బ్రూష్-గాడ్‌ఫ్రే టెస్ట్ వాడండి, లాగ్ 1తో (ఒక నెల వెనక్కి మాత్రమే చూసేలా), ఎక్కువ లాగ్స్ ఇస్తే ఉన్న కాస్త పవర్ కూడా పల్చబడుద్ది.

పైథాన్ లైబ్రరీ స్టాట్స్‌మోడల్స్‌లో జీఎల్‌ఎస్‌ఏఆర్ ఉంది, ఎర్రర్స్ మధ్య కోరిలేషన్‌ని లెక్కలోకి తీసుకుని రిగ్రెషన్ వేస్తుంది, అది కూడా వేసి రెండు ఫలితాలూ పక్కపక్కన ఇవ్వండి. కోరిలేషన్‌కి తగ్గట్టు సర్దే న్యూయీ-వెస్ట్ స్టాండర్డ్ ఎర్రర్స్ వైపు వెళ్ళకండి, 24 పాయింట్లకి అవి కూడా అసలుకంటే తక్కువే చూపిస్తాయి.