సాక్షి ఎక్కడ నిలబడ్డాడు?

తమ్ముడూ,

నీ నవల మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. సిక్కు యోధుడు బాబా దీప్ సింగ్ తెగిన తన తలను ఒక అరచేతిలో పట్టుకుని, రెండో చేత్తో రెండంచుల కత్తి ఖండా తిప్పుతూ అమృత్‌సర్ వైపు సాగే ఘట్టం దగ్గర ఒళ్లు జలదరించింది. అక్కడే పక్కన పెన్సిల్‌తో "ఇది జరిగిందని రాయొచ్చా? చూసినవాళ్లు ఉన్నారా?" అని రాసుకున్నావు. ఆ రెండు ప్రశ్నలు చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

అది 1757. మన బొబ్బిలి కోట కూలిన ఏడాదే. బుర్రకథలో తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి దూరుతుంటే మనమూ వెంట దూరతాం. కథ చెప్పేవాడు ఆ డేరాలో లేడని తెలిసినా కన్నీళ్లు ఆగవు, ఆగాల్సిన పనీ లేదు. కానీ నవల రాసేవాడికి ఆ తేడా తెలిసుండాలి. ఎవరి మాట తీసుకున్నా, ఆ మనిషి ఆ రోజు ఎక్కడ నిలబడ్డాడో ముందు కనుక్కో. నా మొదటి చారిత్రక నవలలో నేనీ పని చేయలేదు. ఒక పుస్తకంలో దొరికిన వర్ణనను కళ్లారా చూసినవాడి మాటగా వాడేశాను. అచ్చయ్యాక తెలిసింది, అది రాసినాయన ఆ యుద్ధం జరిగిన రెండు తరాల తర్వాత పుట్టాడని. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ముందు మొఘలుల మీద పోరాడిన సిక్కు నాయకుడు బందా సింగ్ బహాదుర్ దగ్గరికి వెళ్లు. ఆయన మనకు మరీ దూరపువాడు కాదు. 1708లో గురు గోవింద్ సింగ్‌ను కలిసింది నాందేడ్‌లో, గోదావరి ఒడ్డున. ఆ నీళ్లే దిగువకు వచ్చి మన బాసరను తాకుతాయి. పంజాబులోని గురుదాస్ నంగల్‌లో నెలల తరబడి ముట్టడిలో ఉండి, 1715 డిసెంబరులో మొఘలులకు పట్టుబడ్డాడు. తర్వాతి ఫిబ్రవరి చివర్లో ఆయన్నీ, ఆయన మనుషుల్నీ ఢిల్లీ వీధుల్లో ఊరేగించారు.

ఆ రోజు మీర్జా ముహమ్మద్ అనే ఆయన ఆ జనంలో ఉన్నాడు. తమాషా చూద్దామని ఉప్పు మండి (ఉప్పు అమ్మే బజారు) దాకా వెళ్లాననీ, అక్కణ్ణుంచి ఊరేగింపు వెంట కోట దాకా నడిచాననీ ఇబ్రత్‌నామా అనే తన పుస్తకంలో రాశాడు. నాకు ఈ వాక్యమంటే ప్రాణం. ఎక్కడ నిలబడ్డాడో సాక్షే చెబుతున్నాడు! సిక్కుల మీద ఆయనకు ప్రేమ లేదు. అయినా ఒంటెల మీద బందీలు దిగులు లేకుండా పాడుకుంటూ వెళ్లారనీ, "మిమ్మల్ని చంపేస్తారు" అంటే "చంపండి, చావుకు మేమెప్పుడు భయపడ్డాం?" అన్నారనీ రాశాడు.

అదే సమయంలో ఈస్టిండియా కంపెనీ పంపగా వ్యాపార హక్కుల కోసం వచ్చిన జాన్ సర్మన్, ఎడ్వర్డ్ స్టీఫెన్‌సన్ కూడా ఢిల్లీలో ఉన్నారు. 1716 మార్చి 10 తేదీతో కలకత్తాకు ఉత్తరం రాశారు. ఒంటెల మీద సుమారు 780 మంది, కర్రలకు గుచ్చిన 2,000 తలలు, రోజుకు 100 మందికి శిరచ్ఛేదం. వాళ్ల ఓర్పు చూసి ఆశ్చర్యపోయారు. చివరిదాకా ఒక్కరైనా మతం వదిలినట్టు తేలలేదని రాశారు. 'వదల్లేదు' అనలేదు, 'తేలలేదు' అన్నారు. ఆ జాగ్రత్త నీ వాక్యంలోనూ ఉండాలి.

అదే ఉత్తరంలో బందా ఇరవై ఏళ్లుగా లాహోరు సుబాలో (రాష్ట్రంలో) గొడవ చేస్తున్నాడని కూడా ఉంది. అది తప్పు. ఆయన పోరు 1709లో మొదలైంది, ఏడేళ్లయినా నిండలేదు. ఒకే కాగితం మీద ఢిల్లీలో కంటి ముందు జరిగినదీ, లాహోరు నుంచి చెవిన పడినదీ పక్కపక్కనే ఉంటాయి. వాటిని విడదీయడమే నీ పని. ఇంకొకటి. బందాను చంపింది జూన్‌లో, మెహ్రౌలీలో. మార్చి నాటి ఉత్తరం ఆ చావుకు సాక్ష్యం కాదు. కన్నకొడుకును ఆయన కళ్లముందే చంపిన ఘట్టం రాయాలంటే వేరే సాక్షిని వెతకాలి. చాలామంది రచయితలు ఇక్కడే తొందరపడి సర్మన్ పేరు పెట్టేస్తారు.

ఇక ఖాజీ నూర్ ముహమ్మద్. నీకు అందరికన్నా ఎక్కువ పనికొచ్చేది ఈయనే. 1764లో అఫ్ఘాన్ రాజు అహ్మద్ షా అబ్దాలీ దండులో బలూచిస్తాన్ నుంచి వచ్చాడు. తన పార్శీ పద్యకావ్యం జంగ్‌నామాలో సిక్కుల్ని ఆద్యంతం 'కుక్కలు' అనే పిలిచాడు. ఆ డిసెంబరులో సైన్యం అమృత్‌సర్ చేరేసరికి ఊరు ఖాళీ. కొద్దిమంది మాత్రం చావడానికే మిగిలారు. వాళ్లు ముప్ఫై మందేననీ, రవ్వంత భయం లేదనీ, గురువు కోసం ప్రాణాలిచ్చారనీ రాశాడు. ఒకచోట ఆయనే, వీళ్లను కుక్కలనకండి, సింహాలు అంటాడు. శత్రువు నోట ఈ మాట రావడానికి లోపల ఎంత పెనుగులాట జరిగి ఉంటుందో ఆలోచించు. చరిత్రకారుడు గండా సింగ్ 1939లో ఈ కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేశారు. సంపాదించి చదువు.

ఆ ముప్ఫై మందికి నాయకుడు గుర్బఖ్ష్ సింగ్. ఆయన పేరు, ఆ రాత్రి లోపలి మాటలు ఖాజీ దగ్గర వెతక్కు. ఖాజీ ఉన్నది గోడకు అవతల. దానికి రతన్ సింగ్ భంగూ దగ్గరికి వెళ్లాలి. సిక్కుల చరిత్ర చెప్పే పంథ్ ప్రకాశ్‌ను ఆయన 1841లో పూర్తి చేశాడంటారు, అంటే ఘటన జరిగిన 77 ఏళ్లకు. కళ్లారా చూసినవాడు కాదు. కానీ 1740లో అమృత్‌సర్ గుడిని అపవిత్రం చేసిన మొఘల్ అధికారి మస్సా రంగడ్‌ను చంపిన మెహతాబ్ సింగ్‌కు స్వయానా మనవడు. ఇంట్లో పెద్దలు చెప్పుకున్న మాటలు విని పెరిగినవాడు. ఆయన్ని సాక్షిగా కాక, వారసుడిగా కూర్చోబెట్టి విను. చావును ఆ ఇళ్లవాళ్లు ఎలా తలుచుకున్నారో ఆయనే చెప్పగలడు, ఖాజీ చెప్పలేడు.

కాబట్టి దీప్ సింగ్ చేతిలోని తలను తీసేయమని నేను అనను. అమృత్‌సర్ స్వర్ణదేవాలయం దర్బార్ సాహిబ్ ప్రదక్షిణ మార్గంలో ఆయన పేర ఒక చోటు ఉంది. జనం అక్కడ తల వంచి, పూలు పెట్టి వెళతారు. ఆ ఘట్టాన్ని నీ గొంతుతో కాకుండా, అక్కడ నిలబడి మనవడికి కథ చెప్పే ఒక ముసలమ్మ గొంతుతో రాసి చూడు. ఆమె నమ్మకం ఆమెది, అది నూటికి నూరుపాళ్లు నిజం. నువ్వు అబద్ధమాడినట్టూ కాదు.

మొదటి అధ్యాయం ఉప్పు మండిలో మొదలైతే బాగుంటుందని నాకనిపిస్తోంది. తిరగరాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య