ఒకే మెషీన్‌కు రెండు మూడు ఐపీలు: మెయిల్ కనెక్షన్ కుదరనప్పుడు

చిరంజీవికి,

మెయిల్ ఒకసారి పోతోంది, ఒకసారి ఆగిపోతోంది అని రాస్తూ నీ మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులన్నీ పంపావు. వాటి జోలికి ఇప్పుడే పోకు. ఒక మెషీన్‌కు ఒకటికి మించి ఐపీలు ఉంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే: కనెక్షన్ ఏ అడ్రస్‌కు వచ్చింది, జవాబు ఏ నెట్‌వర్క్ కార్డులోంచి బయటికి వెళ్లింది.

ఎర్రర్ ఏమిటో సరిగ్గా చదువు. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే ప్యాకెట్ చేరింది, కానీ ఆ అడ్రస్ మీద ఏ ప్రోగ్రామూ కనెక్షన్ కోసం కాచుకుని (లిజన్ అవుతూ) లేదు, లేదా ఫైర్‌వాల్ తిప్పికొట్టింది. "టైమ్డ్ అవుట్" అంటే పోయేటప్పుడో వచ్చేటప్పుడో ప్యాకెట్ దారిలో మాయమైంది. రెండూ వేర్వేరు జబ్బులు.

రిఫ్యూజ్డ్ అయితే పని తేలిక. "ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్‌పీ" అని టెర్మినల్‌లో కొట్టి, మెయిల్ పోర్టులైన 25, 587 ఎదుట ఏ అడ్రస్ ఉందో చూడు. 127.0.0.1 (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే అడ్రస్) ఒక్కటే కనిపిస్తే బయటివాళ్లకు తలుపు మూసే ఉన్నట్టు. ఏ అడ్రస్‌ల మీద లిజన్ అవ్వాలో చెప్పే ఐనెట్_ఇంటర్‌ఫేసెస్ మార్చాక రీలోడ్ చాలదు, పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేసి, మార్పు పనిచెయ్యలేదనుకుని ఇంకోచోట కెలుకుతారు.

టైమ్ అవుట్ అయితే ఓపిక పట్టాలి. నీ మెషీన్‌లో ఈత్0 అనే కార్డు మీద 192.0.2.10, ఈత్1 అనే కార్డు మీద 198.51.100.20 ఉన్నాయనుకో. డిఫాల్ట్ రూట్, అంటే వేరే దారి చెప్పనప్పుడు ప్యాకెట్లు బయటికి పోయే దారి, ఈత్0 గుండా. రెండు టెర్మినళ్లు తెరిచి ఒక్కో కార్డు మీద వచ్చీపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ ఒకటి పెట్టు, పోర్ట్ 25కు ఫిల్టర్ వేసి. బయటి నుంచి 198.51.100.20కి కనెక్ట్ అవ్వమను. కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్ ఈత్1లో వచ్చి, దానికి జవాబైన సిన్-యాక్ ఈత్0లోంచి వెళ్లడం కనిపిస్తే దొంగ దొరికినట్టే. తనది కాని సోర్స్ అడ్రస్‌తో వచ్చిన ప్యాకెట్‌ను ఈత్0 వైపు ప్రొవైడర్ చాలాసార్లు పారేస్తాడు.

సిన్ వస్తున్నా జవాబు ఎక్కడా కనబడకపోతే, ఫైర్‌వాల్ సంగతి తేల్చుకున్నాక ప్యాకెట్ వచ్చిన దారిని సరిచూసే కెర్నల్ సెట్టింగ్ ఆర్‌పీ_ఫిల్టర్‌ను అనుమానించు. విలువ 1 అంటే స్ట్రిక్ట్: పంపినవాడికి తిరుగు దారి అదే కార్డు గుండా లేకపోతే కెర్నల్ చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. 2 అంటే కొంచెం సడలింపు. "ఆల్" కింద ఉన్న విలువ, కార్డు కింద ఉన్న విలువ, ఈ రెండింట్లో పెద్దది అమలవుతుంది. అందుకే ఈత్1కు 0 పెట్టినా "ఆల్" 1గా ఉంటే ఏమీ మారదు. పైగా 2 పెట్టినంతమాత్రాన జవాబు సరైన దారి పట్టదు, ప్యాకెట్ లోపలికి రావడమే కుదురుతుంది.

అసలు మందు పాలసీ రూటింగ్, అంటే సోర్స్ అడ్రస్‌ను బట్టి దారి ఎంచడం (198.51.100.1 ఈత్1 వైపు గేట్‌వే అనుకో):

ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 198.51.100.1 డెవ్ ఈత్1 టేబుల్ 100
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 198.51.100.20 టేబుల్ 100

ఆ కార్డు సబ్‌నెట్ రూట్ కూడా టేబుల్ 100లో వెయ్యి, లేకపోతే పక్కనున్న మెషీన్లకు జవాబు కూడా గేట్‌వే చుట్టూ తిరిగి వెళ్తుంది. ఇవి రీబూట్‌తో పోతాయి, నెట్‌వర్క్ కాన్ఫిగ్‌లో రాసిపెట్టుకో.

ఇక నీ వైపు నుంచి వెళ్లే మెయిల్. "ఐపీ రూట్ గెట్" పక్కన అవతలి సర్వర్ ఐపీ ఇస్తే, "ఎస్‌ఆర్‌సీ" పక్కన ఏ సోర్స్ ఎంచుకుంటుందో చెప్తుంది. ఎస్‌పీఎఫ్‌లో (నీ డొమైన్ మెయిల్ ఏ అడ్రస్‌ల నుంచి రావచ్చో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) ఆ అడ్రస్ లేకపోయినా, రివర్స్ డీఎన్‌ఎస్‌లో (అడ్రస్ ఇస్తే పేరు చెప్పేది) వచ్చే పేరు తిరిగి అదే అడ్రస్‌కు రాకపోయినా అవతలివాళ్లు తిప్పికొట్టొచ్చు. సోర్స్‌ను ఖాయం చెయ్యడానికి పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్‌ఎంటీపీ_బైండ్_అడ్రస్ ఉంది. దాన్ని మొత్తానికి వర్తించే మెయిన్.సీఎఫ్‌లో కాకుండా మాస్టర్.సీఎఫ్‌లో బయటికెళ్లే ఎస్‌ఎంటీపీ సర్వీస్‌కు మాత్రమే ఇవ్వు. లేదంటే లోకల్ కంటెంట్ ఫిల్టర్‌కు వెళ్లే కనెక్షన్ కూడా పబ్లిక్ అడ్రస్‌తో పోయి, ఫిల్టర్ ఒప్పుకోకపోవచ్చు. ఇంకో సంగతి: ఇది అడ్రస్‌ను మార్చుతుంది గానీ దారిని మార్చదు, పైన చెప్పిన రూల్ ఇక్కడా ఉండాల్సిందే. బైండ్ కుదరకపోతే పోస్ట్‌ఫిక్స్ మామూలుగా లాగ్‌లో ఒక వార్నింగ్ రాసి వేరే అడ్రస్‌తో వెళ్లిపోతుంది, కాబట్టి లాగ్ చదవకుండా సరిపోయిందనుకోకు.

"ఎన్‌సీ -ఎస్" తర్వాత నీ ఒక్కో ఐపీ ఇచ్చి అవతలి సర్వర్ పోర్ట్ 25కు ప్రయత్నించు. ఒకదానితో బ్యానర్ (సర్వర్ పంపే మొదటి లైను) వచ్చి, రెండోదానితో రాకపోతే, టీసీపీడంప్‌లో ప్యాకెట్ సరైన కార్డులోంచే వెళ్తున్నట్టు కనిపిస్తే, ఆ లైన్‌లో పోర్ట్ 25 బ్లాక్ చేశారేమో ప్రొవైడర్‌ను అడుగు. ఐపీవీ6 ఉంటే దాన్ని విడిగా చూడు. పోస్ట్‌ఫిక్స్ కొన్నిసార్లు ముందు అటే వెళ్తుంది, దానికి రివర్స్ డీఎన్‌ఎస్ పెట్టడం అందరూ మర్చిపోతారు. "లోకల్‌హోస్ట్" అన్నా కొన్ని ప్రోగ్రాములు దాని ఐపీవీ6 అడ్రస్ ::1కే వెళ్తాయి.

బ్యానర్, ఈహెచ్‌ఎల్‌ఓ (సర్వర్ల మధ్య మొదటి పలకరింపు) బాగానే జరిగి, మెయిల్ బాడీ మొదలయ్యాక మాత్రమే వేలాడుతుంటే అది రూటింగ్ తప్పు కాకపోవచ్చు, ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దగా పోవచ్చన్న హద్దు) చూడు. "పింగ్ -ఎం డూ -ఎస్ 1472" కొట్టి, ఆ సోర్స్ ఐపీని -ఐ కింద ఇవ్వు (ఎం, ఐ ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, ఎస్ చిన్నది). 28 బైట్ల హెడర్లతో కలిపి 1500 అవుతుంది. జవాబు రాకపోతే 1400 వైపు తగ్గించుకుంటూ వెళ్లి, ఎక్కడ కుదురుతుందో రాసి పంపు. దాంతోపాటు రెండు కార్డుల టీసీపీడంప్ కూడా పంపు, సెట్టింగుల ఫైల్ అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో