వికలత్వ సర్టిఫికెట్ చేతికి రాకముందే కౌన్సెలింగ్ వస్తే?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. రెండు చెవులూ సరిగా వినిపించవు. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి రెండు నెలలైంది, పిలుపు రాలేదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ నాటికి సర్టిఫికెట్ అందకపోతే ఏడాది ఆపాలా? పింఛను కూడా దీంతోనే ఆగింది.

జవాబు: ఆపొద్దండీ. ముందు దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలుసుకోండి. ఒకప్పుడు నెలలోపు సర్టిఫికెట్ ఇవ్వాలని నిబంధన ఉండేది. 2024 అక్టోబరు సవరణతో అది మూడు నెలలైంది. ఇప్పుడే ఫిర్యాదు చేస్తే ‘ఇంకా గడువుంది’ అంటారు. అలాగని వదిలేసినా కష్టమే. రెండేళ్లదాకా ఏ నిర్ణయమూ రాకపోతే దరఖాస్తు మురిగిపోతుంది.

పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో స్టేటస్ చూడండి. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంకో పేరు ఉందా? దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు ఇంకా వాడుతున్నారా? వైద్య పరీక్ష స్లాట్ మెసేజ్ పాత నంబరుకు వెళ్లి, తేదీ దాటిపోయాక తెలియడం మామూలే. అవన్నీ సరిగ్గా ఉంటే రసీదు ప్రింటు తీసుకుని ఆసుపత్రి సూపరింటెండెంట్ కార్యాలయంలో నేరుగా అడగండి. పాపకు ఇదివరకు వేరే ప్రభుత్వాసుపత్రిలో చికిత్స జరిగి ఉంటే అక్కడా దరఖాస్తు చేసుకునే వీలు నిబంధనల్లో ఉంది.

వినికిడి కేసుల్లో అసలు జాప్యం పరీక్ష దగ్గరే. ఆడియోమెట్రీలో శబ్దం వినపడినప్పుడు పాప బటన్ నొక్కాలి. జవాబులు ఒకదానికొకటి పొసగకపోతే బెరా పరీక్షకు (శబ్దానికి మెదడు స్పందనను యంత్రమే నమోదు చేసేది) రాస్తారు. ఆ యంత్రం ప్రతి ఆసుపత్రిలోనూ ఉండదు కాబట్టి పెద్దాసుపత్రిలో మళ్లీ తేదీ కోసం ఎదురుచూడాలి. చెవిలో గులిమి, జలుబు ఉన్నా ఫలితం తేడా వస్తుంది, మళ్లీ రమ్మంటారు. వైద్య పరీక్షకు వారం ముందే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి చెవులు శుభ్రం చేయించండి. పాత ఆడియోగ్రామ్‌లన్నీ (వినికిడి పరీక్ష రిపోర్టులు) తేదీల వరుసలో పట్టుకెళ్లండి.

సర్టిఫికెట్ రాగానే రెండు చూడండి: శాతం, కాలపరిమితి. 40 శాతానికి తగ్గితే రిజర్వేషన్ వర్తించదు. ఆ నిర్ణయం తప్పనిపిస్తే 90 రోజుల్లోపు అప్పీలు చేయాలి. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా చెల్లుతుందో లేదో సరిచూసుకోండి. ప్లాస్టిక్ కార్డు పోస్టులో వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఈ-కార్డు, సర్టిఫికెట్ పోర్టల్ నుంచే దించుకోవచ్చు.

ప్రవేశ పరీక్ష దరఖాస్తులో దివ్యాంగ కేటగిరీ తప్పక ఎంచుకోండి. మీకు అసలు గడువు పరీక్ష రోజు కాదు, ప్రత్యేక కేటగిరీ సర్టిఫికెట్ల పరిశీలన తేదీ. ఆ రోజు దరఖాస్తు రసీదు చూపిస్తే కుదరదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు ఉంటాయి. ఆ తేదీకి అందకపోతే మామూలు ర్యాంకుతో వచ్చిన మంచి సీటులో చేర్చండి. ప్రభుత్వోద్యోగాల్లో కనీసం 4 శాతం కోటా ఉంది, అందులో బధిరులకు, వినికిడి లోపం ఉన్నవారికి కలిపి 1 శాతం. సర్టిఫికెట్ తర్వాత వచ్చినా అది ఎటూ పోదు.

పింఛను మాత్రం వేరే ఫైలు. సర్టిఫికెట్ వచ్చాక దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి, మంజూరుకు మళ్లీ ఎదురుచూడాలి. ఆ డబ్బు వస్తుందని లెక్కేసుకుని మాత్రం కాలేజీ ఫీజు ఒప్పుకోకండి.