ఏడు నెలలు గుంటూరులో ఉన్నాను, న్యూయార్క్ ఫ్లాట్ వదులుకోవాలా?

ప్రశ్న: క్వీన్స్‌లో రెంట్ స్టెబిలైజ్డ్ (అద్దె పెంపుపై పరిమితి ఉండి, ప్రధాన నివాసంగా ఉన్నంతకాలం లీజు పొడిగించాల్సిన) ఫ్లాట్‌లో 11 ఏళ్లుగా అద్దెకుంటున్నాను. గ్రీన్‌కార్డు ఉంది. అమ్మకు పక్షవాతం వస్తే నిరుడు ఏడు నెలలు గుంటూరులో ఉండిపోయాను. మా పిన్ని కొడుకు ఫ్లాట్‌లో ఉన్నాడు. ‘ఇది మీ ప్రధాన నివాసం కాదు, డిసెంబరు 31 తర్వాత లీజు పొడిగించం’ అని ఓనరు నోటీసు పంపాడు. ఖాళీ చేయాలా?

జవాబు: తాళాలు ఇవ్వకండి. లీజు ముగిశాక ఓనరు హౌసింగ్ కోర్టులో హోల్డోవర్ కేసు వేసి, గెలిస్తేనే మిమ్మల్ని ఖాళీ చేయించగలడు.

ముందు నోటీసు తేదీ చూడండి. దీన్ని గోలబ్ నోటీసు అంటారు. లీజు ముగియడానికి 150 రోజుల కన్నా ముందూ ఇవ్వకూడదు, 90 రోజుల్లోపూ ఇవ్వకూడదు. మీ విషయంలో అది ఆగస్టు 3 నుంచి అక్టోబరు 2 వరకు. గడువు తప్పినా, మీరక్కడ ఉండటం లేదనడానికి ఆధారాలేమిటో రాయకపోయినా కేసు కొట్టేయమని అడగొచ్చు. కవరు కూడా దాచండి.

ఇక మీరు ఏడు నెలలు లేకపోవడం సంగతి. ఏడాదిలో 183 రోజుల కన్నా తక్కువ ఫ్లాట్‌లో ఉండటం కోర్టు చూసే అంశాల్లో ఒకటి. ఆ ఒక్కదానితోనే కేసు తేలదు. చదువు, ఉద్యోగం, ఆస్పత్రి, ఇతర సహేతుక కారణాలతో తాత్కాలికంగా వెళ్తే మినహాయింపుంది. మంచాన పడ్డ తల్లిని చూసుకోవడం సహేతుకమేనని గట్టిగా వాదించవచ్చు. రుజువు చేయాల్సిన భారం ఓనరుదే అయినా, ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ, రానూపోనూ టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు సిద్ధం చేసుకోండి. ట్యాక్స్ రిటర్న్, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లలో క్వీన్స్ చిరునామాయే ఉండాలి. ఓనరు లాయరు సాధారణంగా రెండేళ్ల కాగితాలు అడుగుతాడు.

నాకు భయమల్లా మీ తమ్ముడి గురించే. అతని దగ్గర అద్దె తీసుకున్నారా? ఓనరు అనుమతి లేని సబ్‌లెట్ (మీ ఫ్లాట్‌ను మరొకరికి అద్దెకివ్వడం) విడిగా మరో కేసవుతుంది. ఏ లావాదేవీ జరిగిందో మీ లాయరుకు దాచకుండా చెప్పండి.

గ్రీన్‌కార్డు మీకు మేలే. 2008లో బియాంకా జాగర్ కేసులో, పర్యాటక వీసా మీద ఉన్నవారికి న్యూయార్క్ ప్రధాన నివాసం కాజాలదని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఆ చిక్కు మీకు లేదు.

ఇదే పరిస్థితిలో సెక్షన్ 8 వోచరు (తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వ అద్దె సాయం) ఉన్నవారికి వేరే నిబంధన: వరుసగా 180 రోజులు మించి ఇంట్లో లేకపోతే, కారణమేదైనా సాయం ఆగిపోతుంది.

కోర్టు తేదీ మాత్రం తప్పకండి, వెళ్లకపోతే ఓనరుకే తీర్పు రావచ్చు. ఆదాయం తక్కువైతే నగరం తరఫున ఉచిత లాయరు దొరికే వీలుంది, మొదటి వాయిదాలోనే అడగండి.