ఏగ్నెస్ పాపసంకీర్తనం: ఒక యువ రచయిత్రికి ఉత్తరం

ప్రియమైన జ్యోతీ,

నీ నవల రాతప్రతి ఆసాంతం చదివాను. వచనం బాగుంది, సంభాషణలు ఇంకా బాగున్నాయి. గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబాల మాటతీరు నీకు వంటబట్టిందని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. కానీ మూడో అధ్యాయానికి వచ్చేసరికి కథంతా నాకు తెలిసిపోయింది. అమ్మాయి ప్రేమిస్తుంది, విచారణ గురువు, అంటే ఆ ఊరి గుడి ఫాదర్, కాదంటాడు, నాన్న ఆయన మాట వింటాడు, చివరికి అమ్మాయి గడప దాటుతుంది. దాటక ఏం చేస్తుంది? ఆమెని వెనక్కి లాగేది ఏదీ నువ్వు రాయలేదు కదా! ప్రతి ఆదివారం పూజకి వెళ్తుందన్నావు. వెళ్లి అక్కడ ఏం అడుగుతుంది? సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకుని వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాక ఏమనుకుంటుంది? ఒక్క వాక్యం లేదు. నీ నవలలో గుడి పోలీస్ స్టేషన్‌లా ఉంది. పిలిస్తే వెళ్లడం, బెదిరిస్తే భయపడడం, అంతే.

అందుకే నిన్ను కేట్ ఓబ్రయన్ అనే నవలా రచయిత్రి దగ్గరికి పంపుతున్నాను. 1897లో ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పుట్టింది. తండ్రి గుర్రాల వ్యాపారి. ఐదేళ్ల వయసులో తల్లి పోతే, లారెల్ హిల్ కాన్వెంట్‌లో వేశారు. బడి చదువంతా ఆ సిస్టర్ల దగ్గరే. పినతల్లుల్లో ఇద్దరు కన్యస్త్రీలు. పెద్దయ్యాక ఆవిడకి ఆ విశ్వాసం నిలవలేదు. నువ్వు ఉత్తరంలో అడిగావు చూడు, "నాకే నమ్మకం లేనప్పుడు నమ్మేవాళ్ల గురించి రాసే హక్కు ఉందా" అని, దానికి జవాబు ఈవిడ నవలలే. తను వదిలేసినదాన్ని తన పాత్రల చేత వదిలించాలని ఆవిడ ఎప్పుడూ తొందరపడలేదు.

ముందు 1934లో వచ్చిన 'ది యాంటీ రూమ్' చదువు. కథ జరిగేది 1880లో, మూడే రోజులు: సకల పునీతుల పండుగ ముందు రోజు, పండుగ రోజు, ఆ మర్నాడు మృతుల స్మరణ దినం. మెల్లిక్ అనే ఊరు, అంటే పేరు మార్చిన లిమరిక్. పైగదిలో తల్లి తెరెసా క్యాన్సర్‌తో ఆఖరి ఘడియల్లో ఉంది. ఇల్లు నడిపేది కూతురు ఏగ్నెస్. ఆ ఏగ్నెస్ తన తోబుట్టువు మేరీ రోజ్ భర్తని ప్రేమిస్తోంది. అతను విన్సెంట్. భార్యతో కలిసి ఆ ఇంటికే వస్తాడు.

ఇక్కడ ఆగి, ఏగ్నెస్ పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర తన పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లే ఘట్టం మెల్లిగా చదువు. ఆమెని ఎవరూ తరమలేదు. అమ్మ కోసం జరిగే ప్రార్థనల్లో తనూ శుద్ధంగా నిలబడాలని తనే కోరి వెళ్తుంది. జరిగింది ఏముందని? చేతల్లో ఏమీ లేదు, అంతా తలపులోనే. అయినా తలపు కూడా పాపమేనని నేర్చుకున్న అమ్మాయి ఆమె. అక్కడి జెస్విట్ సభకి చెందిన గురువు గుడ్లురిమే మనిషి కాదు, తెలివిగా, మర్యాదగా మాట్లాడతాడు. ఆమెకి నిజంగానే మనసు తేలికపడుతుంది. ఆ ఉపశమనాన్ని రచయిత్రి ఎక్కడా వెక్కిరించదు. తర్వాత అదే ఇంట్లో, అదే భోజనాల బల్ల దగ్గర, విన్సెంట్ ఎదురుగా కూర్చుంటాడు. పాఠకుడికి టెన్షన్ పుట్టేది ఇక్కడే. ఎందుకంటే ఆమె పొందిన శాంతి నిజమని మనం నమ్మాం, ఆమె ప్రేమ నిజమనీ నమ్మాం. రెండూ ఒకే మనిషివి, రెండిట్లో ఏదీ బయటి నుంచి ఎవరో రుద్దింది కాదు. పైగా ఏగ్నెస్‌ని ఆపేది దేవుడొక్కడే కాదు, మేరీ రోజ్ మీద ప్రేమ కూడా. ఎంత చురుకైన ఎత్తుగడో చూడు: ప్రేమకి అడ్డం వచ్చేది ఇంకో ప్రేమ.

అదే నవలలో తెరెసా సంగతీ మర్చిపోకు. ఆమె ప్రాణం కొడుకు రెజ్జీ దగ్గర చిక్కుకుంది. రోగిష్టివాడు, తను పోతే వాణ్ని చూసేవాళ్లు ఉండరు. ఆమె ప్రార్థనంతా వాడి కోసమే. చివరికి ఆమెకి సేవ చెయ్యడానికి వచ్చిన నర్సు వాణ్ని పెళ్లాడటానికి ఒప్పుకుంటుంది. తన బతుకు లెక్కలు తను వేసుకునే ఒప్పుకుంటుంది. ఇది దేవుడు విన్న మొరా, ఒక తెలివైన మనిషి చేసుకున్న బేరమా? ఓబ్రయన్ తేల్చదు. నాకైతే ఏగ్నెస్ కథ కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. విన్సెంట్ తుపాకీతో కాల్చుకుని చనిపోయే ముగింపు మాత్రం నాకు మింగుడు పడదు. అన్ని పేజీలు అంత నిగ్రహంగా నడిపి, ఆఖర్లో ఒక చావుతో ముడి విప్పేసినట్టు ఉంటుంది. నీ ముగింపులో కూడా ఒక యాక్సిడెంట్ ఉంది, దాని సంగతి కాస్త ఆలోచించుకో.

తర్వాత 1941లో వచ్చిన 'ద లాండ్ ఆఫ్ స్పైసెస్'. ఆ పేరు జార్జ్ హెర్బర్ట్ అనే పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు కవి ప్రార్థన మీద రాసిన పద్యంలోది. కథానాయిక హెలెన్ ఆర్చర్ ఇంగ్లీషు స్త్రీ, ఐర్లండ్‌లో ఒక కాన్వెంట్‌కి మదర్ సుపీరియర్. అందరికీ ఆమె గడ్డకట్టిన మనిషిలా కనిపిస్తుంది. ఎందుకలా అయిందో నవల మధ్యలో గానీ తెలియదు. పద్దెనిమిదేళ్లప్పుడు, ప్రాణంగా చూసుకునే తండ్రిని ఎతియెన్ అనే యువకుడి కౌగిట్లో చూసింది. ఆ అసహ్యంలో మఠంలో చేరిపోయింది. అంటే ఆమెని దేవుడి దగ్గరికి చేర్చింది భక్తి కాదు, గాయపడ్డ ప్రేమ. తప్పుడు కారణంతో మొదలైన సన్యాసం ఏళ్ల తరబడి సాధనలో నిజమైన విశ్వాసంగా ఎలా మారింది, తండ్రిని క్షమించడానికి ఆమెకి ఎంతకాలం పట్టింది, ఇదీ నవల.

ఇందులో దగ్గరగా చూడాల్సింది ఒకటుంది. ఐర్లండ్‌లో ఇమడలేక, తనని ఇక్కణ్నించి తప్పించమని హెలెన్ పై అధికారిణికి ఉత్తరం రాస్తుంది. అప్పుడే స్కూల్లోకెల్లా చిన్నదైన ఆరేళ్ల ఆనా మర్ఫీ అందరి ముందూ నిలబడి హెన్రీ వాన్ అనే మరో పదిహేడో శతాబ్దపు కవి పద్యం ఒకటి అప్పజెబుతుంది. ఆ కాలపు కవులంటే హెలెన్ తండ్రికి ప్రాణం. ఆమె ఆ ఉత్తరం చింపేస్తుంది. దేవుడి మీద పేజీలకొద్దీ చర్చ లేదు, దివ్యదర్శనం లేదు. పసిపిల్ల గొంతు, తండ్రి జ్ఞాపకం, చింపిన కాగితం. దైవకృప ఆమె మీద పనిచేసిందనుకున్నా సరే, మనసు కరిగిందనుకున్నా సరే, కథ నడుస్తుంది.

మనోభావాలు దెబ్బతింటాయేమోనని నీకు భయంగా ఉందన్నావు. విను. తండ్రినీ ఎతియెన్‌నీ హెలెన్ చూసిన విషయం చెప్పే ఒకే ఒక్క వాక్యం కోసం ఐర్లండ్ సెన్సార్ బోర్డు ఈ నవలని నిషేధించింది. 1942లో అక్కడి సెనేట్‌లో సర్ జాన్ కీన్ అనే సభ్యుడు దీని మీద గొడవ పెట్టాడు, అయినా నిషేధం 1949 దాకా ఎత్తలేదు. అంతకుముందు 1936లో స్పెయిన్ నేపథ్యంలో రాసిన 'మేరీ లావెల్'కీ ఇదే గతి పట్టింది. సన్యాసినుల జీవితాన్ని అంత గౌరవంగా రాసిన పుస్తకానికే అలా జరిగితే, జాగ్రత్తపడి నువ్వు తప్పించుకునేదేముంది? అలాగని రెచ్చగొట్టడానికీ రాయకు. ఆ వాక్యంలో రెచ్చగొట్టే మాట ఒక్కటీ లేదు. చూసింది చూసినట్టు చెప్పింది, అంతే.

నీ నవలకొస్తే, ఆ విచారణ గురువుని కాస్త మంచివాణ్ని చెయ్యి. ఆయన మాటలో కాదనలేని న్యాయం కొంత ఉండాలి, అప్పుడే అమ్మాయికి కష్టం. నాన్న ఆ సంబంధం వద్దనడానికి గుడి ఒక్కటే కారణమా, లేక గుడి మాటున కులం మాట్లాడుతోందా అన్నది నువ్వే తేల్చుకో, రాతప్రతిలో ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయి. అన్నిటికన్నా ముందు ఐదో అధ్యాయంలో అమ్మాయి ఒంటరిగా జపమాల చెప్పుకునే రాత్రిని మళ్లీ రాయి. నువ్వు "ప్రార్థించింది" అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎన్నో పూసలో అబ్బాయి గుర్తొచ్చాడు? గుర్తొచ్చాక ఆపేసిందా, మొదటికొచ్చిందా, అతని కోసమే చెప్పడం మొదలుపెట్టిందా?

రెండు నవలలూ విరాగో అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసిన పాత ప్రతులు నా దగ్గర ఉన్నాయి, రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నాను. మార్జిన్లలో నా పెన్సిల్ రాతలు చదవకు, ముందు నీ అభిప్రాయం నువ్వు ఏర్పరుచుకో. ఆ ఐదో అధ్యాయం అయ్యాకే మిగతాది ముట్టుకో, అదొక్కటే నాకు పంపినా చాలు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ లాంటిదాన్ని